నీళ్లలో పుర్రచెయ్యి

(రుషికొండ తీరం, పొద్దున్నే. టార్పాలిన్ మీద స్కూబా సిలిండర్లు, జాకెట్లు, గొట్టాలు పరిచి ఉన్నాయి. పుర్రచేతి శిష్యుడు స్పానర్ పట్టుకుని రెగ్యులేటర్‌తో కుస్తీ పడుతున్నాడు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో బాబాయి. తాను నీళ్లలోకి దిగడు, దిగేవాళ్లందరికీ సలహాలిస్తాడు. ప్రతి ఒడ్డునా ఇలాంటివాడు ఒకడుంటాడు.)

బాబాయి: ఏట్రా, ఆ గొట్టాలన్నీ ఊడబీకుతున్నావు?

శిష్యుడు: ఇదంతా కుడిచేతివాళ్ల కుట్ర బాబాయ్! నేను పీల్చే గొట్టం కుడి భుజం మీదుగా వస్తుంది. పక్కవాడికిచ్చే రెండో గొట్టం, ఆ ఆక్టోపస్సూ కుడివైపే. కత్తెర దగ్గర్నించి కాలేజీ కుర్చీ దాకా భరించాను. సముద్రంలో కూడానా? అన్నీ ఎడమకి మార్చేస్తున్నా.

బాబాయి: ఎడమచేత్తో ఎవరికైనా ఏమైనా ఇస్తార్రా? ఊపిరైనా సరే, కుడిచేత్తోనే ఇవ్వాలి. పెద్దలు ఊరికే పెట్టారా?

శిష్యుడు: ఏ పెద్దలు? 1943లో ఫ్రాన్సులో ఈ రెగ్యులేటర్‌ని తయారుచేసిన కూస్తో, గాన్యాన్‌లా? వాళ్ల దాంట్లో నోటికి చెరోవైపూ ఒక గొట్టం. ఒంటి గొట్టం వచ్చాకే ఈ పక్షపాతం.

దుకాణందారు: (సంచీ దించుతూ) లెఫ్ట్‌హ్యాండ్ వాళ్లకి మన దగ్గర స్పెషల్ మాస్క్ ఉంది సార్.

బాబాయి: మాస్క్‌కి కుడేంటి, ఎడమేంటి?

దుకాణందారు: తేడా రేటులో ఉంటుందండి.

(గురువు వస్తాడు. ముందు స్పానర్ లాక్కుంటాడు.)

గురువు: ఆక్టోపస్ ఎవరికోసమోయ్?

శిష్యుడు: గాలి అయిపోయినవాడికోసం సార్.

గురువు: వాడు నీ చేతివాటం కనుక్కుని మరీ అడుగుతాడా? నీ గడ్డానికీ పక్కటెముకలకీ మధ్య, కుడివైపు పసుపుపచ్చగా ఏది కనిపిస్తే దానిమీద పడతాడు. అక్కడ లేకపోతే నీ నోట్లోదే లాక్కుంటాడు. పైగా మామూలు రెగ్యులేటర్‌ని ఎడమనించి తెస్తే తలకిందులవుతుంది. మనం వదిలిన గాలి బయటికిపోయే రబ్బరు బిళ్ల అడుగున ఉండాలి. అది పైకెక్కిందా, పీల్చినప్పుడల్లా గాలితోపాటు ఉప్పునీళ్లే.

శిష్యుడు: ఎటునించైనా పనిచేసేవి ఉన్నాయట కదా?

గురువు: ఉన్నాయి. స్వీడన్‌వాళ్ల పొసైడన్ జెట్‌స్ట్రీమ్ పక్కనించి గాలి వదులుతుంది. ఆపెక్స్ కంపెనీవాటిలో కొన్నింటికి గొట్టాన్ని రెండోవైపుకి మార్చుకోవచ్చు. కావాలంటే అలాంటిది కొనుక్కుని, తెలిసిన మెకానిక్ చేత బిగించుకో. ఇసకలో కూర్చుని స్పానర్‌తో కాదు.

దుకాణందారు: (బిల్లు పుస్తకం తీసి) అడ్వాన్స్ ఎంత రాయమంటారు సార్?

బాబాయి: కుడివైపే ఉండాలని నేను ముందే మొత్తుకున్నానా లేదా!

గురువు: మీరు చెప్పిన కారణం వేరండీ. ఇక నడుముకి బరువులు కట్టే వెయిట్ బెల్ట్. కుడిచేత్తో లాగితే ఊడేటట్టే పెట్టుకో. నీకు స్పృహ తప్పితే దాన్ని విప్పేది నువ్వు కాదు, నీ ముఖం ఎన్నడూ చూడనివాడు. అలవాటుకొద్దీ వాడి చెయ్యి ఆ కొసకే పోతుంది.

శిష్యుడు: అంటే నాకంటూ ఏమీ మిగల్లేదన్నమాట.

గురువు: ఇంకొకడికి అక్కర్లేనివన్నీ నీ ఇష్టం. కత్తి నీ ఎడమచేతికి అందేచోట కట్టుకో. డైవ్ కంప్యూటర్ కుడి మణికట్టుకి పెట్టుకో. టార్చి నీకు వాటమైన చేత్తో పట్టుకో. కెమెరా మీట మాత్రం కుడివైపే ఉంటుంది, దానికి నేనేం చెయ్యలేను. అసలు నీళ్లలో ఎక్కువ చాకిరీ ఏ చేతిదో తెలుసా? జాకెట్‌లో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ ఎడమ భుజం మీద వేలాడుతుంది. దిగాలంటే దాని బొత్తం నొక్కి గాలి వదలాలి, అడుగున నిలకడగా తేలాలంటే చిటికెడు నింపాలి. 10 మీటర్ల లోతునించి పైకొచ్చేసరికి జాకెట్‌లో గాలి రెట్టింపుకి ఉబ్బుతుంది. ఎడమచెయ్యి పైకెత్తి వదులుతూ రాకపోతే బెండులా పైకి తన్నుకొస్తావు. సిలిండర్‌లో ఎంత మిగిలిందో చూపించే గేజీ కూడా ఎడమ నడుం దగ్గరే. కుడిచేతివాళ్లు ఎడమచేతికి ఈ ఒడుపు నేర్పలేక నానా తంటాలు పడతారు. నీకు పుట్టుకతోనే వచ్చింది.

శిష్యుడు: అయితే ఇది కుడిచేతివాళ్ల మీద జరిగిన కుట్రా సార్?

గురువు: నీకు ఏదో ఒక కుట్ర ఉండాలి! పద. ఏది ఎటు మార్చావో దూకకముందే నీ జోడీకి చూపించు. వాడి చెయ్యి పట్టుకుని తాకించు.

బాబాయి: మీరెన్నయినా చెప్పండి గురువుగారూ, ఎడమ ఎడమే. మంచి పని దేనికైనా...

గురువు: సిలిండర్ వాల్వ్ ఎడమకి తిప్పితేనే తెరుచుకుంటుంది బాబాయిగారూ. కుడికి తిప్పితే మూసుకుపోతుంది.