తాటిపూడి దారుల సైకిల్ శాస్త్రం

సైకిల్ తొక్కేవారి పరిభాషలో ప్రశాంతమైన దారి అంటే మోటారు వాహనాలు అరుదుగా తిరిగే తారు రోడ్డు అని అర్థం. పటం ముందు కూర్చున్నంతసేపు ఈ నిర్వచనంలో ఏ లోపమూ కనిపించదు గాని, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు దాన్ని అన్వయించబోయేసరికి ఒక చిక్కు వచ్చిపడుతుంది: వాహనాలు రాని తారు రోడ్డును ఖాళీగా వదిలేసే ఆచారం ఈ ప్రాంతంలో లేదు. లారీ రాని చోటికి ధాన్యం వస్తుంది, ధాన్యం లేని నెలలో చోళ్లు వస్తాయి, చోళ్లు అయ్యాక ఉలవలు వస్తాయి, ఏ పంటా లేని రోజున గేదెలు వచ్చి తీరిగ్గా నెమరు వేసుకుంటాయి. కాబట్టి ఉత్తరాంధ్రలో సైకిల్ యాత్రకు పనికివచ్చే సూత్రాన్ని ఇలా చెప్పుకోవాలి: ఒక రోడ్డు ఎంత ప్రశాంతమైనదో తెలుసుకోవాలంటే దాని మీద ఎంత పంట ఆరుతున్నదో చూడాలి. ఇంతకంటే కచ్చితమైన కొలమానాన్ని రహదారుల ఇంజినీరింగ్ ఇంకా కనిపెట్టలేదు.

ఈ సూత్రాన్ని పరీక్షించడానికి అనువైన చోటు విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలోని తాటిపూడి జలాశయం. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దారి చేసుకుని, మైదానంలోకి దిగి, చివరకు భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కొండలు వదిలి పొలాల్లోకి అడుగుపెట్టే చోట ఆ నదికి అడ్డంగా 1960ల్లో కట్టిన మట్టి ఆనకట్ట వెనక నిలిచిన నీరే ఈ జలాశయం. తూర్పు కనుమలు, అంటే తీరానికి సమాంతరంగా తెగుతూ అతుకుతూ సాగే పాత కొండల వరుస, ఇక్కడ నీటి అంచుదాకా దిగివస్తాయి. వర్షాకాలం వెళ్లిన తర్వాత కొండ పచ్చదనమూ నీటి నీలిమా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఈ దృశ్యం కోసం విశాఖపట్నం నుంచి సెలవు రోజుల్లో సైకిళ్ల మీద బయలుదేరేవారు ఉన్నారు.

వారి ప్రయాణంలో ఒక విచిత్రం ఉంది. తాటిపూడి నీరు పంటలకే గాక విశాఖ నగరపు తాగునీటికి కూడా పోతుంది. అనగా ఈ నీరు ఏ శ్రమా లేకుండా, చెమట చుక్క చిందించకుండా, గొట్టాల్లో పడుకుని నగరవాసి వంటింటి కుళాయిదాకా చేరుకుంటుంది. నగరవాసి మాత్రం తెల్లవారుజామున లేచి, అదే కుళాయి కింద సీసా నింపుకుని, ఆ నీటిని తిరిగి మోసుకుంటూ దాని పుట్టింటికి వచ్చి, గట్టు మీద నిలబడి, దాన్ని చూస్తూ దాన్నే తాగుతాడు. ఆర్థికశాస్త్రం దీన్ని వృథా రవాణా అనవచ్చు గాని, వైద్యశాస్త్రం వ్యాయామం అంటుంది. గట్టు మీద చేపల వల సర్దుకునే మనిషి ఈ రెండు శాస్త్రాల జోలికీ పోకుండా, "అక్కడ నీల్లు రాలేదేటి బాబూ?" అని మాత్రం అడుగుతాడు.

సరస్సు చుట్టూ సైకిల్ తొక్కడమనే ఊహ వచ్చింది వేరే భూగోళం నుంచి. జపాన్‌లోని బివా సరస్సు చుట్టూ సుమారు 200 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, అక్కడ ఒక ప్రదక్షిణ పూర్తి చేయడం ఒక ఘనతగా చెప్పుకుంటారు. తాటిపూడి అటువంటి ప్రదక్షిణలకు కట్టినది కాదు. దానికి ఒక వైపు గట్టు, తక్కిన వైపుల కొండలు. గట్టు ఇంజినీర్లది, కొండ ఎవరి మాటా వినదు. అందుచేత ఇక్కడి యాత్రను వృత్తంగా గాక చెట్టు కొమ్మగా ఊహించుకోవాలి: గంట్యాడ వైపు నుంచి గట్టుదాకా ఒక కాండం, దాని నుంచి పొలాల మధ్యగా, మామిడి తోటల మధ్యగా పల్లెలకు చీలిపోయే చిన్న రోడ్లు. ప్రతి కొమ్మ చివరా ఒక ఊరు, ఊరి చివర రామమందిరం అరుగు, అరుగు మీద కాలక్షేపం చేసే పెద్దలు ఉంటారు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లవలసి రావడం యాత్రికుడికి నిరాశ కలిగించవచ్చు గాని పెద్దలకు ఎంతో సంతోషం, ఎందుకంటే వెళ్లేటప్పుడు అడగడం మరిచిన ప్రశ్నలు తిరుగు ప్రయాణంలో అడగవచ్చు.

ఇక పంట సంగతికి రావాలి. కళ్లం అంటే పంటను కుప్ప వేసి నూర్చడానికి చదును చేసి, పేడతో అలికిన నేల. పూర్వం ఆ నేల మీద ఎడ్లను తిప్పి గింజ రాల్చేవారు. పల్లెకు తారు రోడ్డు వచ్చాక, చదును చేయనక్కర్లేని, అలకనక్కర్లేని, ఎండకు ఇట్టే వేడెక్కే కళ్లాన్ని ప్రభుత్వం తన ఖర్చుతో వేయించి ఇచ్చిందని రైతులు గ్రహించారు. నవంబరు, డిసెంబరు నెలల్లో వరి కోతల తర్వాత ధాన్యాన్ని రోడ్డు మీద ఒక పక్కగా పరుస్తారు, అది ఆరడానికి. చోడి వెన్నులనూ ఉలవ మొక్కలనూ మాత్రం రోడ్డుకు అడ్డంగా నడిమధ్యన పరుస్తారు, అవి నూర్పిడికి. ఆ పైన వెళ్లే ప్రతి వాహనమూ తనకు తెలియకుండానే కూలి లేని పని చేసిపెడుతుంది.

సైకిల్ యాత్రికుడి సాంఘిక విలువ తేలేది సరిగ్గా ఇక్కడే. ట్రాక్టరు టన్నుల బరువుతో దొర్లుతుంది కాబట్టి దానికి గౌరవం. ఆటో కొంత తేలికైనా నిండుగా జనంతో వస్తుంది కాబట్టి దానికీ ఆదరమే. తొమ్మిది కిలోల సైకిలూ, దాని మీద ఉపవాసాలతో చిక్కిన మనిషీ కలిసి చోడి వెన్ను మీదుగా పోతే ఒక్క గింజయినా సరిగా రాలదు. ఖరీదైన సైకిళ్లను తయారుచేసేవారు ప్రతి గ్రాము బరువు తగ్గించడానికి శ్రమపడి, ఆ తగ్గింపునకు వేలకు వేలు ధర పెంచుతారు. నూర్పిడి దగ్గర కూర్చున్న అవ్వ ఆ శ్రమనంతటినీ ఒక్క చూపుతో కొట్టిపారేస్తుంది. "ఇంకో ఇద్దర్నెక్కించుకు రా బాబూ" అన్న సలహాలో ఎత్తిపొడుపు లేదు, యంత్రశాస్త్రం ఉంది.

గేరు అనే ఏర్పాటు గురించి కూడా రెండు మాటలు చెప్పుకోవాలి. పెడలు దగ్గరి పళ్లచక్రానికీ వెనక చక్రం దగ్గరి పళ్లచక్రానికీ ఉండే పళ్ల నిష్పత్తిని మార్చి, కాలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఎన్ని చుట్లు తిరగాలో నిర్ణయించే పద్ధతికి గేరు అని పేరు. ఎత్తు ఎక్కేటప్పుడు తేలిక గేరు వేస్తే కాలు చాలాసార్లు తిరుగుతుంది, బండి కొద్దిగానే కదులుతుంది. ఏటవాలును శాతంలో కొలుస్తారు. 100 మీటర్ల దూరానికి 5 మీటర్ల ఎత్తు పెరిగితే అది 5 శాతం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు రోడ్డు పట్టినవారికి ఈ శాతాలు పాఠ్యపుస్తకం లేకుండానే మోకాళ్లలో బోధపడతాయి. చూసేవారికి మాత్రం ఈ దృశ్యం వేరుగా కనిపిస్తుంది: అంత జోరుగా కాళ్లాడిస్తూ అంత నెమ్మదిగా కదిలే మనిషి బండిలో ఏదో ఊడిపోయిందనే అనుమానిస్తారు. "గొలుసు జారిపోనాదేటి బాబూ?" అన్న ప్రశ్న ఘాటు మలుపుల్లో వినబడడానికి కారణం అదే.

ఈ ప్రశ్నలు మొత్తంగా నాలుగు తరగతుల కిందికి వస్తాయి. మొదటిది స్థల సంబంధం: "ఏ ఊరు బాబూ మీది?" రెండవది బంధు సంబంధం: "ఎవులింటికొచ్చినారు?" మూడవది ధర సంబంధం, దీనికి నిజం చెప్పిన యాత్రికుడు అంత డబ్బుకు ఏ మోటారు సైకిల్ వచ్చేదో, ఎంత మైలేజీ ఇచ్చేదో అక్కడికక్కడే తెలుసుకుంటాడు, అబద్ధం చెప్పినవాడికి అదే ధరకు ఇంకో సైకిల్ తెచ్చిపెట్టమని బేరం తగులుతుంది. నాలుగవది తాత్త్విక సంబంధం: "ఎందుకొచ్చిన తొక్కుడు బాబూ ఇది?" మొదటి మూడింటికి జవాబు చెప్పుకోవచ్చు. నాలుగవదానికి కోడి రామమూర్తి నాయుడి పేరు చెప్పడం కొంత ఉపకరిస్తుంది. వీరఘట్టంలో 1882లో పుట్టి, మోటారు కార్లను లాగిపట్టి ఆపిన మల్లయోధుడిగా పేరు మోసిన ఆయన వల్ల, అవసరం లేకపోయినా కండలకు పని పెట్టడం ఒక గౌరవప్రదమైన వృత్తి అన్న నమ్మకం ఈ నేలలో ఉంది. అయితే, ఆయన బండిని ఆపాడు, ఈయన బండి దానంతటదే ఆగుతోంది అన్న తేడాను అరుగు మీదివారు గమనించకుండా ఉండరు.

తాటిపూడితో తృప్తిపడనివారికి వేరే నీళ్లున్నాయి. మెంటాడ మండలంలో చంపావతి నది మీద ఆండ్ర జలాశయం కొండల ఒడిలో ఉంది. అక్కడికి వెళ్లే చిన్న రోడ్లు ప్రశాంతమైనవే గాని, గజపతినగరం మీదుగా సాలూరుకూ అటునుంచి ఒడిశాకూ పోయే జాతీయ రహదారిని వీలైనంత త్వరగా విడిచిపెట్టాలి, ఎందుకంటే సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు, లారీలున్న రోడ్డు మీద ఏ పంటా ఆరదు. వంగర మండలంలో సువర్ణముఖి నది మీది మడ్డువలస జలాశయానిది మరో విశేషం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు వంగర మండలం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. జిల్లా దాటడానికి సైకిల్ యాత్రికుడు ఒక పూటంతా చెమటోడుస్తాడు. ఆ జలాశయం ఉన్నచోట ఉండి, ఒక్క అల కూడా కదపకుండా దాటింది.

కాలనిర్ణయంలోనూ జాగ్రత్త అవసరం. గోగు కోతల తర్వాత కట్టలను చెరువుల్లో, గుంటల్లో నానబెట్టి, నీటిలోని సూక్ష్మజీవులు కాడ బెరడును మెత్తబరిచాక నార తీస్తారు. ఈ రెండు జిల్లాలూ గోగునారకు పేరెన్నికగన్నవి. నానే గోగు వాసన పీల్చిన యాత్రికుడు, ఏ శిక్షకుడూ రాబట్టలేని వేగంతో ఆ చెరువును దాటుతాడు. ధాన్యం రోజుల్లో మరో ప్రమాదం ఉంది: పంట చుట్టూ వాహనాలకు గుర్తుగా పెట్టిన రాళ్లను పంట ఎత్తాక తీసివేయడం ఒక్కోసారి మరిచిపోతారు, తెల్లవారని చీకటిలో ధాన్యం ఉండదు, రాళ్లుంటాయి. కుక్కల విషయంలో నియమం సరళం: పరుగెత్తే వస్తువునే అవి తరుముతాయి, దిగి నడిచేవాడిలో వాటికి ఆసక్తి పోతుంది.

ఇంత పరిశోధన చేసిన తర్వాత, ఈ దారుల మీద అసలైన సైకిల్ జనాభా ఎవరో చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఉదయం బడివేళకు పక్క ఊరి హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లల్లో చాలామంది సైకిళ్ల మీద వస్తారు. వారికి తేలిక గేరూ తెలియదు, శిరస్త్రాణమూ లేదు. వీపున పుస్తకాల సంచి, వెనక సీటు మీద చెల్లెలు ఉంటారు. ధాన్యం అంచు తొక్కకుండా, గేదె తోకకు తగలకుండా, కబుర్లు తెగకుండా వరుసగా సాగిపోయే ఆ గుంటలను అరుగు మీది పెద్దలు ఒక్క ప్రశ్న కూడా అడగరు. వారెక్కడికి పోతున్నారో, ఎందుకు పోతున్నారో అందరికీ తెలుసు.

దీన్నిబట్టి బయటి యాత్రికుడు పాటించవలసిన మర్యాద తేలుతుంది. పంట కనబడిన చోట దిగి, సైకిల్‌ను భుజాన వేసుకుని పక్కగా నడవాలి. తొమ్మిది కిలోల బరువు నూర్పిడికి పనికిరాకపోయినా మోయడానికి పనికివస్తుంది. అడిగిన ప్రశ్నలకు క్రమం తప్పకుండా జవాబు చెప్పాలి, ధర దగ్గర నెమ్మదిగా దగ్గాలి. ముందున్న దారి సంగతి పటాన్ని గాక అవ్వను అడగాలి, ఎందుకంటే ఆ పూట ఏ వాహనమూ రాదన్న అంచనా తప్పితే నష్టపోయేది ఆమె ధాన్యం. పటం వేసినవాడికి అటువంటి పూచీ ఏదీ లేదు.