‘గ్యాసేనండి’ మహావాక్యానికి జెలూసిల్ వ్యాఖ్య

మూలం: “ఆయ్, గ్యాసేనండి. ఓ సోడా తాగెయ్యండి, పోద్దండి.”

అవతారిక: మాఘమాసంలో అమలాపురం చుట్టుపక్కల ఏ పెళ్ళిపందిట్లోనైనా, మూడో బంతి లేచాక, కొబ్బరిచెట్టు నీడన మడతకుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, గుండెల మీద చెయ్యేసుకుని వచ్చిన మరొకాయనకు ఉపదేశించిన వాక్యమిది. మొదట ఎవరన్నారో తెలియదు, అనని వారు లేరు. కనుక అపౌరుషేయము. రాజోలు ప్రతిలో ‘సోడా’కు బదులు ‘వాము’ అనీ, కొత్తపేట ప్రతిలో ‘బిళ్ళ’ అనీ పాఠాంతరాలు. మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు ‘సంజీవని’, ‘జీవాతువు’ అని ప్రాణం పోసే పేర్లు పెట్టుకున్నాడు. మా శక్తి అంతటిది కాదు గనుక మా వ్యాఖ్య పేరు ‘జెలూసిల్’.

ప్రతిపదార్థము: సులభము, వదిలేశాం. ‘గ్యాసే’ లోని ఏకారాన్ని మాత్రం వదలరాదు. ఇది అవధారణార్థకం. తక్కిన రోగాలన్నిటినీ ఒక్క అచ్చుతో పందిరి బయటికి గెంటేసింది. డీఎం చదివిన గుండె డాక్టరు కూడా ఈసీజీ చూడందే ఆ ఏకారం వెయ్యడు.

విశేషములు: రోగి ఏమి భుజించెను? ముందుగా పనసపొట్టు కూర. చేతులకు నూనె రాసుకుని, జిగురు అంటకుండా, లేతకాయను కత్తితో సన్నగా కొట్టడమే ఒక విద్య. ఉడికించి, పిండి, చింతపండు పులుసు పట్టించి, ఎండుమిరప, జీడిపప్పు పోపులో కలిపి, పొయ్యి దించాక, కాస్త చల్లారనిచ్చి అప్పుడు ఆవ పెట్టాలి. ఎందుకు చల్లారాలి? ఆవగింజ ఎండుగా ఉన్నప్పుడు దానికి ఘాటే లేదు. నీళ్ళతో నూరినప్పుడు గింజలోని ఎంజైము పనిచేసి ఘాటు పుట్టిస్తుంది. వేడి తగిలిందా, ఆ ఎంజైము చచ్చి ఊరుకుంటుంది. ఈ రసాయనం ఎవరూ చెప్పకుండానే మన వంటవాళ్ళకు తెలుసు. ఆవ ముక్కులోంచి మాడుకెక్కాలి. ఎక్కని కూరకు సంభావన సగం కోయాలని మా ధర్మశాస్త్రం. కొందరు ఈమధ్య ఆవకు బదులు కొబ్బరికోరు వేసి అదే పనసపొట్టంటున్నారు, వారితో మాకు మాటల్లేవు.

ఇంతకీ రోగి అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆపైన పూర్ణంబూరె. వడ్డించేవాడు దానికి బొటనవేలితో చిల్లు పొడిచి, చిల్లు నిండా నెయ్యి పోసేదాకా కదలడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోస్తాడు. “మరొక్కటండి, మా మాట కాదనకండి.” కొవ్వు ఎక్కువైన తిండి కడుపులోంచి ఆలస్యంగా కదులుతుంది. అన్నవాహిక అడుగున ఉండే కవాటం సడలుతుంది. ఆమ్లం పైకి తంతుంది. అదే గుండెల్లో మంట.

కడుపులో రెండు భాగాలు అన్నానికి, ఒకటి పానీయానికి ఇచ్చి, నాలుగోది వాయువుకు వదలమన్నాడు వాగ్భటుడు. ఆ వాయువు చోటులో బూరెలు కుక్కి, తీరా మంట పుట్టాక వాయువునే ముద్దాయిని చేయడం ఏ తర్కశాస్త్రంలో ఉంది?

సుశ్రుతుడు పుల్లతేన్పులు, మంట ఉన్న అజీర్ణాన్ని విదగ్ధాజీర్ణమన్నాడు. విదగ్ధుడంటే పండితుడు కూడా. సగం అరిగిన పాండిత్యం పైకి తన్నితే ‘గ్యాసేనండి’ అనే శబ్దం వస్తుందని మా అన్వయం.

సోడా సంగతి. తాగగానే తేన్పు వస్తుంది, హమ్మయ్య అంటాం. ఆ వచ్చిన గాలి చాలావరకు సోడాలోదే. రామచంద్రపురం ఆర్టోస్ రుచి కోసం తాగండి, మేమూ తాగుతాం. వైద్యం కింద రాయకండి.

బిళ్ళ సంగతి. పాంటోప్రజోల్ లాంటివి భోజనానికి అరగంట ముందు వేసుకోవలసినవి. బంతిలోంచి లేచాక మింగడం తాళి కట్టాక ముహూర్తం పెట్టించడమే. మోకాళ్ళకని మింగే నొప్పిబిళ్ళలు కడుపులో పుండు చేస్తాయి. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవీ చేస్తుంది. ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ 1984లో దాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆయనా గ్లాసెత్తి తాగినవాడే గాని, తాగింది సోడా కాదు.

ఆక్షేపము: “పెద్దాయన మంచికే చెప్పాడు కదండీ?” మంచికే. గుండె కింది గోడకు పోటు వచ్చినా పైకడుపులో నొప్పి, వికారం, వాంతి ఉంటాయి. మధుమేహం ఉన్నవారికి, ఆడవారికి ఛాతీనొప్పి అంతగా తెలియకపోవచ్చు. రక్తం అందని గుండె కండరం నిమిషాల లెక్కన చచ్చిపోతుంది. మన లంక ఊళ్ళలో కొన్నింటికి పడవే దారి. రేవు దాటడానికే సమయం పడుతుంటే, దానికి ముందు సోడాకో అరగంట, వాముకో అరగంట. ఇక్కడ మాకు హాస్యం తోచడం లేదు.

తాత్పర్యము: మంటే అయితే తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకండి, రాత్రి తలవైపు మంచం ఎత్తు చేసుకోండి. మింగుడు పడకపోయినా, మలం నల్లగా పోయినా, బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించుకోండి. చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి దవడకో చేతికో పాకినా 108కి ఫోన్ చేయండి. ఈసీజీకి ఐదు నిమిషాలు చాలు. వెళ్ళేటప్పుడు మడతకుర్చీలోని పెద్దమనిషినీ ఎక్కించుకోండి. ఆయనా అదే బంతిలో తిన్నారు.