ఒప్పించుటకు ఒక్క మార్కు

మా మనుమరాలు తొమ్మిదవ తరగతికి వచ్చినది మొదలు మా ఇంట సమోసా పేరెత్తుటకు వీలులేకున్నది. పాఠశాల క్యాంటీనులో సమోసాలను నిషేధింపవలసినదిగా ప్రిన్సిపాలుగారిని ఒప్పించుచు ఆంగ్లమున ఒక లేఖ వ్రాయవలెనట. ఆ లేఖలో ఆ వారపు కొత్తమాటలు పదియు దొర్లవలెనట. దొర్లిన ప్రతి మాట క్రిందను ఆకుపచ్చ సిరాతో గీత గీయవలెనట. ఆ పిల్లకు సమోసా లేనిదే సాయంకాలము గడవదు. ప్రిన్సిపాలుగారికి ఆ లేఖ చేరదు. ఒప్పించువారికి ఆ కోరిక లేదు, ఒప్పుకొనవలసినవారికి ఆ సంగతియే తెలియదు. నడుమ యూబిక్విటస్, డెలిటీరియస్, ఎగ్జాసర్బేట్ అను మహాపదార్థములను ఎచ్చట ఇరికింపవలెనో తోచక ఇంటిల్లిపాదియు తలలు పట్టుకొని కూర్చుంటిమి.

మార్కుల పంపకము అడిగి తెలిసికొంటిని. కొత్తమాటలకు అయిదు, మోరోవర్, నెవర్‌దిలెస్ వంటి అతుకుమాటలకు రెండు, ఫార్మాటునకు రెండు. ఒప్పించినందుకు ఒకటి.

కొత్తమాటలు నేర్వరాదని నా వాదము కాదు. కాని విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో తువ్వాళ్ళు పరచి సీట్లు పట్టుకొన్న వారివలె పదిమాటలును ముందే ఆసీనములై యుండగా, చెప్పదలచిన సంగతి మరుగుదొడ్డి ప్రక్కన ఒంటికాలిపై నిలువబడి ప్రయాణము చేయుచున్నది. మన గిరీశము వెంకటేశమునకు ఇంగ్లీషుతోపాటు చుట్ట కాల్చుటయు నేర్పెనని లోకము ఆడిపోసికొనును గాని, ఆ మహానుభావుడు ఆకుపచ్చ సిరా జోలికి మాత్రము పోలేదు.

అసలు ఒప్పించు వ్రాత ఎట్టిదో మా విశాఖవారికి ఒకరు నేర్పవలెనా? ఆంగ్లో-అమెరికన్ నిపుణులు విశాఖయే ఉక్కు కర్మాగారమునకు తగిన తావని తేల్చిన పిమ్మటను ఢిల్లీ ఉలుకక పలుకక యుండగా, 1966 అక్టోబరులో అమృతరావుగారు ఇచ్చట నిరాహారదీక్షకు కూర్చుండిరి. అప్పటికి నేను హైస్కూలు విద్యార్థిని. పెద్దతరగతి పిల్లలు గోడలపై నినాదము వ్రాయుచుండగా జాజు బకెట్టు మోయుట నా ఉద్యోగము. ఒకనాటి రాత్రి, దీపావళికని అప్పుడే సున్నము వేయించిన ఒక గోడ మాకు వెన్నెలలో తెల్లగా, నున్నగా, వ్రాయుమన్నట్లే కనబడెను. మా నాయకుడు గుడ్డపీలిక జాజులో ముంచి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల’ వరకు నిర్విఘ్నముగా వచ్చి, చివరిమాటకు గోడ చాలక, అక్షరములు కుదించి, కంగారులో ‘హకు’ అని ముగించెను. అంతలో తలుపు తెరచుకొన్నది. యజమాని లాంతరు చేతబట్టి వెలుపలికి వచ్చి, సున్నమునకైన ఖర్చును, మా తల్లిదండ్రుల పెంపకమును, కలికాల మహిమను వరుసగా ఉగ్గడించి, పిమ్మట లాంతరు పైకెత్తి, గోడను ఆ కొసనుండి ఈ కొసకు చదివి, ‘‘క కింద ఒత్తేదిరా? ఒత్తు లేని హక్కు ఎవడిస్తాడురా మనకి?’’ అని గర్జించెను. మావాడు ఒత్తు పెట్టెను. అది వంకరగా వచ్చినదని ఆయనయే పీలిక లాగుకొని సరిదిద్దెను. వ్రాత చూచి తృప్తిపడిన పిదప సున్నము సంగతి మరల జ్ఞప్తికి రాగా, మరల మమ్ము తిట్టెను.

నాలుగే మాటలు. అందొక్కటియు నిఘంటువు వెదకవలసినది కాదు. అయినను ఆ నాలుగు మాటలు వట్టిగా ఒప్పింపలేదు: నవంబరు 1న ఈ ఊర కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధి పార్లమెంటులో ఔననిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. జాతికి అంకితమగుసరికి 1992 ఆగస్టు వచ్చెను. 2021లో ప్రైవేటీకరణ మాట వినబడగానే కూర్మన్నపాలెము శిబిరమున మరల ఆ నాలుగు మాటలే బ్యానరులకెక్కినవి.

అయితే ఆ హక్కుకై భూమి నిచ్చిన ఊళ్ళవారి వ్రాత వేరు. గాజువాకలో నా చేత అర్జీలు వ్రాయించుకొను నిర్వాసితుడొకడు కలడు. సర్వే నంబరు, ఎకరములు, తండ్రిపేరు, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు నంబరు, అంతియే. ఒకమారు నేను జాలి పుట్టించు వాక్యమొకటి చేర్పబోగా అతడు అడ్డుపడి, ‘‘ఒద్దు బాబూ, ఎక్కువుంటే ఆలు సదవరు’’ అనెను. కొడుకు ఉద్యోగమునకై మొదలైన ఆ అర్జీ ఇప్పుడు మనుమని పేర నడచుచున్నది. అతని ముందు కలము పట్టినప్పుడెల్ల, భాషను గూర్చి నాకు గల అభిప్రాయములన్నియు నాకే కొంచెము సిగ్గు గొలుపును.

మొన్న ఆ అర్జీ నకలు బల్లమీద నుండగా మా మనుమరాలు చూచి, ఆంగ్లములోనికి మార్చి వ్రాసినచో ఎన్ని మార్కులు వచ్చునో లెక్క కట్టినది. కొత్తమాటలు సున్న. అతుకుమాటలు సున్న. ఒప్పించినందుకు వేయవలసినదాని దగ్గర కలమాపి నావంక చూచినది.

‘‘ఇంకా జవాబు రాలేదమ్మా’’ అంటిని.

‘‘అయితే ఫార్మాటుకి రెండు వేస్తాను తాతయ్యా’’ అనినది.