ఎర్ర డబ్బాకు ఎన్ని మార్కులు?

మన పాలేల ఆసుపత్రులకు కూడా ఎన్‌క్వాస్ సర్టిఫికెట్ వచ్చేసింది. శాలువాలు, జిల్లా పేజీలో ఫొటో, గుమ్మానికి ఫ్లెక్సీ. జాతీయ నాణ్యతా ప్రమాణాలంటే మాటలా! నూటికి డెబ్బై తెచ్చుకుంటే గానీ ఆ కాగితం చేతికి రాదు. మన పిల్లలు పదో తరగతిలో ముప్ఫై అయిదు వస్తే చాలని దేవుడికి మొక్కుకుంటుంటే, ఆసుపత్రి గోడలు డిస్టింక్షన్‌లో పాసైపోతున్నాయి.

నాకు మహా నచ్చింది మాత్రం పరీక్ష పెట్టే పద్ధతి. 2024 జూన్ 28న కేంద్ర ఆరోగ్యమంత్రి జె.పి. నడ్డా ఆరోగ్య ఉపకేంద్రాలకు వర్చువల్ తనిఖీ ప్రారంభించారు గదా, అప్పటినుంచీ అసెసరు గారికి మా నెల్లూరు తీరంలోని మైపాడు దాకా వచ్చే శ్రమ తప్పింది. ఉన్నచోటనే కూర్చుని సెల్లులో నాణ్యత చూసుకుంటారు.

ఆ వైభవం ఒకచోట దగ్గరుండి చూశాను. ఊరి పేరు చెప్పను, నర్సమ్మకు ఆ ఉద్యోగం కావాలి. వారం ముందునుంచీ సున్నాలు, పోస్టర్లు, రిజిస్టర్లు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన మంచానికి తెల్ల పెయింటు కొట్టారు. అది ఆరకముందే ఒకామె కూర్చుంటే చీర వెనక చారలు పడ్డాయి. బీపీ చూపించుకోను వచ్చిన చేపలమ్మను పట్టుకుని, "రోగి హక్కులు తెలుసా అని అడిగితే తెలుసు అను అత్తా" అని ఆశా కార్యకర్త నూరిపోస్తా ఉంది. "తెలుసంటే నెలకు సరిపడా బిళ్ళలిస్తారా మే?" అనిందామె. చెక్‌లిస్టులో ఆ ప్రశ్న లేదు.

కాల్ వచ్చింది. వెంటనే సిగ్నల్ పోయింది. నర్సమ్మ ఫోను పట్టుకుని డాబా ఎక్కింది. డాబా మీద సిగ్నల్ ఉంది గానీ ఆసుపత్రి లేదు. చివరికి గేటు కాడ నిలబడ్డ కుర్రోడి హాట్‌స్పాట్ మీద జాతీయ ప్రమాణాలు మొదలయ్యాయి. "చేతులు కడుక్కునే ఆరు పద్ధతులు చూపించమ్మా" అన్నారు. మోటరు కాలిపోయి కొళాయిలో చుక్క లేదు. ఆశా కార్యకర్త చెంబుతో నీళ్ళు పోస్తుంటే నర్సమ్మ ఆరు పద్ధతులూ చూపించింది. కెమెరా చేతుల మీదే ఉంది కాబట్టి చెంబు కనబడలేదు. పూర్తి మార్కులు!

తర్వాత డబ్బాలు. ఎర్ర డబ్బాలో ఏమేస్తారు? సెలైన్ గొట్టాలు సార్. పసుపు డబ్బాలో? రక్తమంటిన దూది సార్. నీలం? గాజు సీసాలు సార్. తెల్లది? సూదులు సార్. ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పింది పాపం. డబ్బాలకు అంగడి స్టిక్కర్లు ఇంకా ఊడలేదు. బయట వేపచెట్టు కింద కూర్చున్న జనం మధ్యాహ్నం దాకా చూసి లేచిపోయారు. నాణ్యత పరీక్ష గదా, ఆ పూట ఓపీ లేదు.

మిగతావన్నీ చిన్న ముచ్చట్లే. ఉపకేంద్రం విలేజ్ హెల్త్ క్లినిక్ అయింది, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అయింది, బోర్డులు రాసేవాడికి చేతినిండా పని దొరికింది. ఓపీ చీటీకి ఆభా ఆరోగ్య ఖాతా నంబరు అడుగుతారట, వల లాగి బతికే ముసలాయన ఫోనుకు ఓటీపీ రావాలట. సేవలు బాగుంటే ఒకటి నొక్కమని ఫోన్లు వస్తాయి. మందు లేకపోతే ఏది నొక్కాలో ఆ గొంతు చెప్పదు.

ఇక నవ్వు చాలు. మొన్న వానల్లో మా బంధువుల పిల్లోణ్ణి రొయ్యల గుంట కాడ పాము కరిచింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. గోడమీద సర్టిఫికెట్ అద్దంలో మెరుస్తా ఉంది. డాక్టరు లేడు, పాము మందు లేదు. చీటీ మీద "నెల్లూరు పెద్దాసుపత్రి" అని రాసి పంపించేశారు. కరిచిన టైము రాయలేదు, నాడి రాయలేదు, ఏ సూదేశారో రాయలేదు. నెల్లూరులో డాక్టరు మొట్టమొదట అడిగిందే "ఎన్ని గంటలకు కరిచింది?" అని. వాడు బతికాడు. వాడు బతకడంలో ఆ సర్టిఫికెట్‌కు పైసా వాటా లేదు.

నాణ్యత వద్దనేవాడు మూర్ఖుడు. 2018లో లాన్సెట్ కమిషన్ లెక్క తీస్తే, మన దేశంలో 2016 ఒక్క ఏడాదిలోనే నాసిరకం వైద్యం వల్ల పోయినవాళ్ళు సుమారు 16 లక్షలు. ఆసుపత్రి మొహమే చూడక చచ్చిపోయినవాళ్ళకంటే ఇది దాదాపు రెండింతలు. అంటే ఆసుపత్రికి పోయిన జనమే ఎక్కువ పోయారు. ఇంత ఘోరానికి డబ్బాల రంగులా మందు? ఎన్‌క్వాస్ చెక్‌లిస్టులో క్లినికల్ సర్వీసెస్ అని ఒక అధ్యాయమే ఉంది గదా, దాన్ని రాత్రి రెండు గంటలకు తెరిచి చూసినవాడు ఒక్కడున్నాడా?

దిక్కులేని జనం ఎటు పోతారో ఒకసారి చూశాం. 2021 మే నెలలో కరోనాకు ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం కృష్ణపట్నం దారి కిక్కిరిసిపోతే చదువుకున్నవాళ్ళు నవ్వారు. ఆ మందు పనిచేసిందని నేననను. బెడ్డు లేదు పొమ్మన్నవాళ్ళూ, ఆక్సిజన్ దొరకనివాళ్ళూ ఆ దారి పట్టారు. వాళ్ళనెవరూ అభిప్రాయం చెప్పమని ఫోన్ చెయ్యలేదు.

నర్సమ్మల మీద నాకు కోపం లేదు. రిజిస్టర్లు రాయడానికే వాళ్ళకు పొద్దు చాలడం లేదు. కోపమంతా చెంబు కనబడని చోట కెమెరా పెట్టించినవాళ్ళ మీద.

పాలెం అన్నలారా, అక్కలారా, ఈసారి మీ పీహెచ్‌సీకి ఎవరు తనిఖీకొచ్చినా మీరూ పోయి పక్కన నిలబడండి. మందుల బీరువా తలుపు తీసి పాము మందు సీసాలు లెక్కబెట్టి చూపించమనండి. మొదటి డోసుకే ఎనిమిది నుంచి పది సీసాలు కావాలి. అన్ని లేకపోతే, ఆ పూటకు గోడమీది సర్టిఫికెట్ దించమని గట్టిగా అడగండి.