మహానంది దారిలో నాపబండ ఆత్మకథ

బేతంచెర్ల గనులలోని సున్నపురాతి వంశమున పుట్టినదానను నేను. మానవుడు పుట్టుటకు కోట్ల సంవత్సరములకు పూర్వమే మా పొరలు సముద్రగర్భమున ఏర్పడినవని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పలకలుగా విడివడుట మాకు పుట్టుకతో వచ్చిన గుణము. నన్ను తీసిన తీరును, కోసిన తీరును వర్ణించి మీకు విసుగు కలిగింపను. ఆళ్లగడ్డ శిల్పుల చేతికి చిక్కిన రాళ్లు దేవతలై పూజలందుకొనుచుండగా, లారీలో తరలివచ్చిన నేను మహానంది క్షేత్రమున కాలిబాటలో మురుగుకాలువకు మూతనైతిని. అయినను నాకు చిన్నతనము తోపలేదు. నల్లమల పాదమున ఊరెడి ఊటనీటిలో మునిగి, తడిబట్టలతో, చెప్పులు లేక వచ్చు భక్తుల పాదములు నన్ను తాకుచుండగా, శివరాత్రి జాగరణపు రద్దీని తెల్లవార్లు మోసి, ఒక్కరినైనను తూలనీయక నిలుపుకొన్న ఆ రోజులు తలచుకొన్న నాకిప్పటికిని గర్వమే.

నా కష్టములు అరటిగెలల ట్రాక్టరుతో మొదలైనవి. దారి ఇరుకైనదని అది కాలిబాట మీదికెక్కి నా మూలను విరిచిపోయెను. పిదప తీగలు పూడ్చుటకు వచ్చినవారు గడ్డపారలతో నన్ను పెకలించి, పని ముగిసినంతనే సిమెంటైనను పెట్టక యథాలాపముగా కప్పిపోయిరి. నాటి నుండి ఎవరు కాలు మోపినను నేను ఊగులాడుచు టకటకమని మొరపెట్టుకొనుచుంటిని. నా మొర విన్నవాడు టెంకాయల అంగడివాడొక్కడే. అతడు జనులకు హెచ్చరికగా నా ప్రక్క సందులో వేపకొమ్మను గ్రుచ్చెను. సాయంత్రమునకు మేక దాని ఆకులను తినిపోయెను. నా విషయమున ఎవరైనను చూపిన శ్రద్ధ అంతటితో సరి. కొలతలు వ్రాసికొన్నవారు వచ్చిరి, మరల రాలేదు.

ఒకనాటి వేకువను దర్శనమునకు పోవు ఒక అవ్వ నా అంచుపై కాలు మోపగా నేను ఒరిగిపోతిని. ఆమె చీలమండ విరిగెను. చేరిన గుంపులో అధికారివలె కనిపించినవాడొకడు, "చూసుకోని నడవాల గదా అవ్వా!" అనెను. చీకటిలో, చేత పూలసజ్జతో, దేవునిపై చూపు నిలిపిన ముసలిది ఏమి చూచుకొనవలెనో ఆ మహానుభావుడు సెలవీయలేదు. తప్పంతయు నామీద మోపి, నన్ను లేవదీసి చెత్తకుప్ప ప్రక్కన పడవైచిరి. నా చోటికి క్రొత్త బండ రాలేదు. కాలువ నోరు తెరచుకొనియే యున్నది.

ఇప్పుడు నేను టీ త్రాగువారికి ఆసనమును. ఒక ప్లీడరు నాపై కూర్చుండి అవ్వ మనుమనితో చెప్పిన మాటలు వింటిని. 1788లో ఇంగ్లండున, శిథిలమైన వంతెన వలన బండి చెడినవాడు డెవన్ జిల్లా జనులపై దావా వేయగా అది చెల్లదని కొట్టివేసిరట. దారిని చెడగొట్టినవాడు బాధ్యుడే గాని, చెడిన దారిని బాగుచేయక ఊరకున్న సంస్థ కాదను న్యాయము అక్కడ 1961 నాటి చట్టము వచ్చువరకు నిలిచినదట. చేసినవానికి శిక్ష, చేయనివానికి రక్ష! మనుష్యుల తెలివికి రాతినైన నేను నివ్వెరపోతిని.

మన దేశపు తీర్పులును ఒక్క దారిని నడువలేదు. ఢిల్లీ చాందినీ చౌకులో గడియార స్తంభము కూలి జనులు మరణింపగా, లోపము మాకు తెలియదనుట చాలదని 1966లో సుప్రీంకోర్టు పురపాలక సంస్థనే బాధ్యురాలిని చేసెను. 1997లో గుజరాతులోని రాజ్‌కోట్‌లో దారిన పోవువానిపై చెట్టు కూలిన దావాలో సంస్థకు బాధ్యత లేదనెను. 1999లో ఢిల్లీలో స్కూటరుపై పోవువానిని చెట్టుకొమ్మ బలిగొన్న దావాలో మరల కలదనెను. అన్నిటికంటె నాకు దగ్గరగా తోచినది మన కోయిలకుంట్ల కథ. అచ్చటి సబ్‌జైలుపై 1977లో బాంబులు విసరగా ఖైదీ యొకడు మరణించెను. కాపాడవలసినవారి నిర్లక్ష్యమునకు రాజ్యము సార్వభౌమాధికారమను కవచమును తొడిగికొనజూచినది. 2000లో సుప్రీంకోర్టు ఆ కవచమును చెల్లనీయలేదు. జైలులోని ఖైదీకి ఉన్న రక్షణ దేవుని దారిలోని ముసలిదానికి ఉండరాదా? నడువదగిన కాలిబాట రాజ్యాంగము 21వ అధికరణము నొసగు జీవించు హక్కులో భాగమని 2025 మే నెలలో అదే న్యాయస్థానము పలికెను. ఆ మాట ఢిల్లీ నుండి ఈ కాలువ గట్టునకు ఇంకను చేరలేదు.

అయ్యలారా, అమ్మలారా! మీ కాలిక్రింద బండ కదలినచో తిట్టుకొని దాటిపోకుడు. చోటును, తేదీని వ్రాసి, ఫోటో జతపరచి, ఆ దారి ఎవరి అధీనమున నున్నదో వారి కార్యాలయమున అర్జీ ఇచ్చి, దాని నకలుపై ముద్ర వేయించుకొనుడు. రేపు ఎవరైనను పడినపుడు "మాకు తెలియదు" అనుటకు వీలులేకుండ చేయునది ఆ ముద్రయే.