నగరదర్శన వచనానికి టీకా తాత్పర్యం

మూలం: “పన్నెండుగురు మాత్రమే! ఏసీ వాహనం, అనుభవజ్ఞుడైన గైడు. ఒక్క రోజులో భాగ్యనగర ఆత్మను ఆస్వాదించండి. ప్రతి చోటా తగినంత సమయం. ముత్యాల షాపింగ్ ఐచ్ఛికం.”

అవతారిక: హైదరాబాదుకు వచ్చిన వారిని చిన్న చిన్న బృందాలుగా బండి ఎక్కించి ఊరు చూపించే వ్యాపారుల కరపత్రాలలో, కొద్దిపాటి పాఠభేదాలతో కనిపించే ఈ వచనానికి కర్త ఎవరో తెలియదు. కర్త తెలియదు కనుక వేదంవలె అపౌరుషేయమని వాదించేవారు ఉండవచ్చు గాని, అపౌరుషేయ వాక్యానికి అప్రామాణ్యం తగలదని మీమాంసకుల సిద్ధాంతం కావడంచేత, ఒక్కసారి బండి ఎక్కి దిగినవారెవరూ ఆ పక్షాన్ని అంగీకరించరు. వ్యాఖ్యాన మర్యాదకు ఇక్కడ ఆదర్శం కోలాచలం మల్లినాథసూరి. ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ రెండు వ్రతాలు పట్టి కాళిదాసు కావ్యాలకు సంజీవని రచించిన ఆ మహానుభావుడి ఊరు మెదక్ జిల్లాలోని కొల్చారమని ప్రతీతి. ఈ బండ్లు తిరిగే నగరానికి అది దూరమేమీ కాదు. అయినా ఆయన పేరు ఏ గైడు నోటా వినిపించదు.

“పన్నెండుగురు మాత్రమే”: స్పష్టం. చిక్కు వచ్చిన చోటనే టీకాకారులు “స్పష్టం” అని తప్పుకుంటారని లోకంలో ఒక అపవాదు ఉంది. ఇక్కడ మాత్రం నిజంగానే స్పష్టం, ఎందుకంటే బండిలో సీట్లు అన్నే.

“ఏసీ వాహనం”: అద్దాలు తెరవడానికి వీలులేని వాహనమని అర్థం. దీనివల్ల కలిగే ప్రధాన ఫలం మూసీ మీద తెలుస్తుంది. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదుగా పాతబస్తీలోకి పోయే బండి నదిని దాటుతున్నదని లోపలివారికి ఎవరూ చెప్పరు. వాసన కూడా లోపలికి రాదు కనుక అనుమాన ప్రమాణానికి సైతం అవకాశం ఉండదు. 1908 సెప్టెంబరు 28న ఈ నదే పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కినవారు, సుమారు నూట యాభై మందట, బతికి బయటపడ్డారు. ఆ ఉపద్రవం తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. ఆ చెట్టుకు కూతవేటు దూరంలో బండి పోతున్న సమయాన గైడు మైకులో మధ్యాహ్న భోజనంలో శాకాహారులెందరో లెక్క తీసుకుంటూ ఉంటాడు.

“అనుభవజ్ఞుడైన గైడు”: అనుభవమంటే ఇక్కడ చూసి, విని, చదివి సంపాదించిన జ్ఞానం కాదు, ఒకే వాక్యాన్ని ఏళ్ల తరబడి వల్లించడంవల్ల ఏర్పడిన ధాటి అని గ్రహించాలి. మల్లినాథుడి మొదటి వ్రతానికి ఇక్కడ భంగం. చార్మినారు నుంచి గోలకొండకు సొరంగం ఉందన్నది, ఇంతవరకు ఎవరూ చూపించకపోయినా, సిద్ధాంతవాక్యంగా వెలువడుతుంది. భాగమతి కథ సంగతీ అంతే: నగరానికి ఆమె పేరు పెట్టారన్న ఫరిష్తా రాత ఒక వైపు ఉండగా, ఆ కథనే శంకించిన హారూన్ ఖాన్ షేర్వాణీ వంటి చరిత్రకారులు మరొక వైపు ఉన్నారు. ఇంత చక్కని పూర్వపక్షం చేతిలో ఉంచుకుని, గైడు దాన్ని విప్పకుండా ప్రేమకథ మాత్రం చెప్పి కన్ను గీటుతాడు. హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధవిగ్రహం ఏకశిల అంటాడు, నిజమే. ఆ శిలను నీటి మీదుగా తరలించేటప్పుడు 1990లో అది మనుషులతో సహా మునిగిందనీ, 1992లో దాన్ని పైకి తీసి నిలబెట్టారనీ మాత్రం అనడు. చెప్పవలసింది చెప్పకపోవడానికి మల్లినాథుడు వేరే వ్రతం పట్టలేదంటే, అటువంటి వ్యాఖ్యాత పుట్టగలడని ఆయనకు తోచకపోవడమే కారణమై ఉండాలి.

గోలకొండ ఫతే దర్వాజా దగ్గరి చప్పట్లు ఈ ప్రకరణంలోనివే. ఆ గుమ్మటం కింద చప్పట్లు చరిస్తే సుమారు కిలోమీటరు దూరాన, కొండ కొమ్మున ఉన్న బాలాహిస్సారులో వినిపిస్తుందన్నది సత్యమే. శబ్దం ఆకాశగుణమని తార్కికుల మతం. అది అలవెంట అలగా సాగుతుందని వీచీతరంగ న్యాయంచేత కొందరూ, కడిమిమొగ్గ విచ్చినట్లు నలుదిక్కులా ఒక్కసారే పుడుతుందని కదంబముకుళ న్యాయంచేత మరికొందరూ అన్నారు. ఏ న్యాయం ప్రకారమైనా శబ్దం ఉందనడానికి దాన్ని వినే చెవి ఒకటి అవతల ఉండాలి కదా! పన్నెండుగురూ కిందనే నిలబడి చప్పట్లు చరిచి, పైన వినిపించి ఉంటుందని పరస్పరం అభినందించుకుని బండి ఎక్కుతారు. పైకి ఎక్కడానికి వేళ చాలదు.

“ఒక్క రోజులో ఆత్మను ఆస్వాదించండి”: ఆత్మ ఆస్వాద్యమా, జ్ఞేయమా అన్న చర్చ ఇక్కడ అనవసరం. ఉపనిషత్తులు నానా తంటాలు పడిన చోట కరపత్రానికి భోజనంతో కలిపి ఒక ధర ఉంది.

“ప్రతి చోటా తగినంత సమయం”: ఈ పదం దగ్గర కొంత నిలవాలి. తగినంత అంటే ఎంత అన్న ప్రశ్నకు ప్రమాణంగా స్వీకరించదగిన ప్రాచీన గ్రంథం కాళిదాసు మేఘసందేశం. అందులో గైడు ఒక యక్షుడు, కొలువులో ఏమరుపాటు వల్ల యజమాని శాపం తగిలి ఏడాదిపాటు దూరప్రాంతానికి బదిలీ అయిన ఉద్యోగి. బృందంలో ఉన్నది ఒక్క మేఘం. ఇంతకంటె చిన్న బృందాన్ని ఏ వ్యాపారీ ఇవ్వలేడు. యక్షుడు రామగిరి నుంచి అలకాపురి దాకా దారి చెబుతూ, ఎక్కడ అలసట తీర్చుకోవాలో, ఎక్కడ నీళ్లు తాగాలో ముందు చెప్పి, ఆ తర్వాతనే చూడవలసినవి చెబుతాడు: కురిసి తేలికైపోయాక రేవానది నీళ్లు తాగి బరువెక్కితే గాలి ఎగరగొట్టలేదట, విదిశ దగ్గర నీచైర్గిరి మీద కాసేపు ఆగాలట. ఉత్తరానికి పోవలసిన వాడికి ఉజ్జయిని చుట్టుదారి అని తానే ఒప్పుకుని, అయినా చూసి తీరాలంటాడు. చుట్టుదారి పట్టించినందుకు ఏ కొట్టువాడి దగ్గరా అతనికి కమీషను లేదు. మహాకాళుడి ఆలయానికి ఏ వేళకు చేరినా సూర్యుడు అస్తమించేదాకా ఉండి తీరాలంటాడు, ఎందుకంటే సంధ్యాపూజకు మేఘగర్జన నగారా కావాలి. రాత్రికి పావురాలు నిద్రపోయే మేడ ఒకటి చూసుకుని, మెరిసి మెరిసి అలసిన మెరుపు ఇల్లాలికి విశ్రాంతి ఇచ్చి, తెల్లవారాక మిగిలిన దారి పట్టమంటాడు. పక్కనున్న ఇల్లాలు అలసిందని గుర్తించిన గైడు ఆ తర్వాతి వాఙ్మయంలో అరుదు. ఇక టీకాకారుల ఓపిక చూడాలి: యక్షుడు మేఘాన్ని చూసినది ఆషాఢం మొదటి రోజైతే, శాపంలో మిగిలింది నాలుగు నెలలన్న మాటకు లెక్క కుదరదని, ఆ నెల చివరి రోజు అని అర్థం వచ్చేటట్లు కొందరు పాఠం మార్చగా, మల్లినాథుడు వారిని ఖండించి మొదటి రోజునే నిలబెట్టాడు. నెల రోజుల తేడాకు పండితులు ఇంత పోట్లాడుకున్న సంప్రదాయంలో, 1591 నాటి చార్మినారుకు “పావుగంట, బండి దగ్గర కలుద్దాం” అంటే ఎవరూ పోట్లాడరు. పై అంతస్తుకు మెట్లు 149. అవి మినారు కడుపులో మెలిక తిరుగుతూ పోతాయి. టిక్కెట్టు వరస వేరు. కనుక పావుగంటలో చార్మినారును చూడడమంటే చార్మినారు ముందు తనను తాను ఫోటో తీసుకోవడమే.

అవసరం లేనిది చెప్పరాదన్న వ్రతం పై వాక్యాలలో భంగపడిందని ఆక్షేపించేవారు, ఆ వ్రతం పట్టినది మల్లినాథుడే గాని ఈ టీకాకారుడు కాదని గమనించాలి. కాలం లెక్క వదిలినా మేఘానికీ యాత్రికుడికీ మరొక భేదం ఉంది. మేఘం తనకు బరువనిపించిన చోటనే కురవవచ్చు. లోకం చేతులు జోడిస్తుంది. మధుమేహం ఉన్న పెద్దవాడికి, చంటిపిల్ల తల్లికి ఆ స్వేచ్ఛ లేదు. ఉదయం బండి ఎక్కింది మొదలు గైడును మరుగుదొడ్డి ఎక్కడని అడిగితే “తర్వాతి స్టాపులో ఉంది” అన్నది స్థిరమైన జవాబు. తర్వాతి స్టాపులోనూ అదే జవాబు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి హైదరాబాదు మీదుగా పోయిన ఏనుగుల వీరాస్వామయ్య, మజిలీ మజిలీకి నీటి వసతి ఉందా, దిగడానికి నీడ ఉందా, ఏ సామాను దొరుకుతుంది అని శ్రద్ధగా రాసిపెట్టాడు. ఆయన వెంట ఉన్నది పెద్ద పరివారం. పన్నెండుగురి బాగోగులు చూడవలసినవాడికి ఆ పాటి శ్రద్ధ అసాధ్యమని చెప్పడం కష్టం.

“ముత్యాల షాపింగ్ ఐచ్ఛికం”: ఐచ్ఛికమంటే చేయాలనుకున్నవారు చేయవచ్చు, మానినవారికి దోషం లేదని అర్థం. ధర్మశాస్త్రం ఇటువంటివాటిని కామ్యకర్మలంటుంది. మానితే ప్రత్యవాయం, అంటే పాపఫలం, కలిగే సంధ్యావందనం వంటివి నిత్యకర్మలు. చార్మినారుకు పావుగంట ఇచ్చిన బండి ముత్యాల కొట్టు ముందు గంటసేపు నిలుస్తుంది. శంక: కొనదలచుకోనివారు బండిలోనే కూర్చోవచ్చును గదా? సమాధానం: డ్రైవరు ఇంజను ఆపి, ఏసీ కట్టేసి, టీకి పోతాడు, అద్దాలు తెరుచుకోవని ముందే చెప్పడమైనది. మే నెల ఎండలో కలిగే ఈ ప్రత్యవాయం ప్రత్యక్షసిద్ధం కనుక, ఇది ఐచ్ఛికమన్న పేరు గల నిత్యకర్మ. అయితే కొట్టువాడి మర్యాదను శంకించడానికి లేదు: కుర్చీలు వేస్తాడు, చల్లటి నీళ్లిస్తాడు, సముద్రం లేని ఊరికి ముత్యాలు ఎలా వచ్చాయని అడిగితే బస్రా నాటి నుంచి బెజ్జం వేసే పనివాళ్ల దాకా గైడు ఎన్నడూ చెప్పనంత విషయం చెబుతాడు. ఆ దినమంతటిలో శుభ్రంగా ఉన్న మరుగుదొడ్డి కూడా ఆ కొట్టు వెనకాలదే. అందుచేత బండిలో ఒక్కరూ మిగలరు.