విరహగీతాల వీరాభిమాని కావాలంటే: పొన్నూరు కుర్రాళ్లకు చిట్కాలు

ప్రేమ దెబ్బతిన్న పాటలు వినేవాడికి పని చెప్పడానికి ఎవరైనా జంకుతారు. ఇంత లాభసాటి వ్యాపకం మన చుట్టుపక్కల మరొకటి లేదు. కింద చెప్పినట్టు చెయ్యండి, ఏడాది తిరిగేసరికి ఇంట్లోవాళ్లు మిమ్మల్ని లెక్కలోంచి తీసేస్తారు.

1. ముందు గాయకుణ్ణి ఎంచుకోండి. గిటారు పట్టుకుని గొంతు చించుకునే రాక్ గాయకుడైతే, ఆ ఇంగ్లీషుకు అర్థం చెప్పమని తమ్ముడు నిలదీస్తాడు. ఘంటసాల క్షేమం. 1953లో వచ్చిన 'దేవదాసు' పాటలు ఉంటే జన్మకు సరిపడా నిట్టూర్పులు ఉన్నట్టే.

2. ప్రేమించకండి. బస్సు ఛార్జీలు, ఐస్‌క్రీములు, ఆపైన వాళ్ల అన్నయ్య. విఫలం కావడానికి ఇదంతా ఎందుకు? నిడుబ్రోలు స్టేషన్లో ఒకమ్మాయి మీవైపు కాక రైలువైపు చూసిందంటే చాలు, గుండె పగిలినట్టే.

3. ఎవరైనా వేలెత్తి చూపితే ఉమ్మడి జిల్లా అభిమానం బయటికి తీయండి. 'దేవదాసు' పాటలు రాసిన సముద్రాల రాఘవాచార్యులు గారిది అప్పటి రేపల్లె తాలూకా పెదపులివర్రు, పార్వతి వేషం కట్టిన సావిత్రిది చిర్రావూరు. మనవాళ్ల ఏడుపు మనం వినకపోతే ఎవరు వింటారు? రాక్ అభిమాని ఎదురైతే ఇంకా తేలిక. ఎరిక్ క్లాప్టన్ స్నేహితుడి భార్య మీద మనసుపడి 'లైలా' పాట కట్టింది 1970లో. మన 'లైలా మజ్ను' 1949లోనే వచ్చింది, ఆ సముద్రాలా ఆ ఘంటసాలే. క్లాప్టన్ చివరికి 1979లో ఆమెనే పెళ్లాడాడు, 1989లో విడాకులయ్యాయి. ప్రేమ ఫలిస్తే ఇంతే సంగతులు. రెండో చిట్కా మళ్లీ చదవండి.

4. కళ్లు వాల్చడం నేర్చుకోండి. తాగడం డబ్బు దండగ. 'దేవదాసు'లో ఆ మత్తు చూపు కోసం అక్కినేని పెరుగన్నం తిని రాత్రిళ్లు నటించారని చెబుతారు. మీరు మధ్యాహ్నమే గడ్డపెరుగుతో లాగించి, మూడింటికి లేచి, మాసిన గడ్డంతో అరుగు మీద కూర్చోండి. అమ్మ "ఏమైందిరా?" అంటే జవాబు చెప్పకండి. చెబితే ఇంకో ప్రశ్న వస్తుంది.

5. అసలు పరీక్ష మినుము చేను. "తెల్లదోమ కనపడతంది, సాయంత్రం మందు కొట్టరా" అంటాడు నాన్న. చరణం మధ్యలో ఉన్నానని చేత్తో సైగ చెయ్యండి. మర్నాడు గాలి ఎక్కువగా ఉందనండి. ఆ మర్నాడు స్ప్రేయరు పాడైందనండి, నిజంగానే ముందు రాత్రి పాడుచేసి ఉంచండి. ఆకుల మీద పసుపు మచ్చలు మొదలవుతాయి. పల్లాకు తెగులు సోకిన మొక్కల్ని అప్పుడే పీకెయ్యాలంటారు పెద్దలు. పీకకండి, ఎడబాటు ఎంత బాధో మీకు తెలుసు. చేనంతా పసుపుపచ్చబడ్డాక మందు కొట్టే పనే ఉండదు. చూశారా, ఓపిక పడితే పని దానంతటదే తప్పుకుంటుంది.

6. అప్పిచ్చిన స్నేహితుడు వస్తే "పాట అయిపోనీ మామా" అనండి. పాటను రిపీట్‌లో పెట్టండి.

7. తెనాలి సంబంధం వస్తే పెళ్లిచూపుల్లో దేవదాసు జమీందారు ఇంటి ముందు ప్రాణం వదిలే ఘట్టం మొత్తం చెప్పండి, చెట్టుతో సహా. కాఫీ చల్లారకముందే అందరూ లేస్తారు. పళ్లెంలో జంతికలు మీవే.

8. ఎప్పుడో ఒకరోజు నాన్న కర్ర తీస్తాడు. కంగారు పడకండి. ఘంటసాల భగవద్గీత పెట్టి సౌండు పెంచండి. "ఎవరు పోయారు?" అంటూ వీధి వీధంతా పరిగెత్తుకొస్తుంది. పదిమంది ముందు ఆయన చెయ్యెత్తలేడు.

అందుకే ఫోను ఛార్జింగ్ ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి.